దర్శకత్వానికి ఒత్తు లేదు

మా ఇంట్లో సినిమాకి ఆలస్యంగా వెళ్ళడమంటే హారతి అయిపోయాక గుడికి వెళ్ళడమే. ఈ పద్ధతి పెట్టింది మా మేనత్త. "పేర్లు పడకముందే కూర్చోవాలే" అనేది. కథ సగంలో లేచి రావలసి వచ్చినా ఆవిడకి చింత లేదు. పేర్లు తప్పిపోతే మాత్రం మర్నాడంతా ఎవరితోనూ సరిగా మాట్లాడేది కాదు.

ఆవిడ పెళ్ళైన కొన్నాళ్ళకే పుట్టింటికి తిరిగొచ్చేసిన మనిషి. ఎందుకొచ్చిందో ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. నన్నేమో మా నాన్నగారు బడికి పంపలేదు. బడి కాలవకి అవతలుండేది, పంటు మీద దాటి వెళ్ళాలి. "ఆడపిల్లని రోజూ ఏం దాటిస్తాంలే" అన్నారు. అలా మేమిద్దరం పగలంతా ఇంట్లో మిగిలిపోయాం. ఆ మాట అన్నందుకు ఆయన మీద నాకు కోపం లేదు. బడికి వెళ్ళి ఉంటే మేనత్త నాకు అంతగా దొరికేది కాదు. ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆవిడకో దణ్ణం విడిగా పెట్టుకుంటాను.

వీధరుగు మీద ముగ్గుపిండి పల్చగా పరిచి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది ఆవిడ. ఆవిడ చదువుకి రెండే సూత్రాలు. ఒకటి, తప్పు రాస్తే తుడిచి, ఆ వేలు కళ్ళకద్దుకుని, మళ్ళీ రాయాలి. తప్పు అక్షరాన్ని అలా వదిలేసి పీట మీంచి లేవకూడదు. ఎవరు పిలిచినా, అన్నం వడ్డించినా లేవకూడదు. రెండోది, ఏ అక్షరానికి కింద ఒత్తు గీత పెట్టాలో తెలియకపోతే, ఆ మాట పెద్దదా చిన్నదా చూడాలి. "ధర్మం, భక్తి, ఘనత, భగవంతుడు. చూశావా? పెద్ద మాటలన్నిటికీ ఒత్తుంది. కాబట్టి పెద్ద మాట అనిపిస్తే పెట్టెయ్." ఆవిడ తనంతట తాను భజన పుస్తకాల్లోంచి నేర్చుకున్నది కనక ఆవిడకి అదే వ్యాకరణం. నాకూ అదే.

నాకు పరీక్షలు మాత్రం సినిమా హాల్లో జరిగేవి. నేల టిక్కెట్టులో కూర్చుని, తెర మీద పడ్డ ప్రతి పేరూ నేను పైకి చదవాలి. వెనకనుంచి "పాపని నోరు మూసుకోమనండి" అని కేకలేసేవాళ్ళు. "చదువుకుంటోందండి, మీరు మూసుకోండి" అనేది మేనత్త, వెనక్కి తిరక్కుండానే.

పేర్లు పడటంలో రెండు రకాలుండేవి. ఒక రకం సినిమాల్లో ముందు దేవుడి పటం, దీపం, సన్నాయి, తర్వాత పెద్ద పెద్ద రంగురంగుల అక్షరాలు. రెండో రకం బీదవాళ్ళ సినిమాలు. మేము వాటిని అలాగే అనుకునేవాళ్ళం. వాటిలో పటం ఉండదు, పాట ఉండదు. బురదలో నడుస్తున్న కాళ్ళు, కొడవలి పట్టిన చెయ్యి, ఎక్కడో ఓ డప్పు. పేర్లేమో ఆ కాళ్ళ పక్కన ఓ మూలకి, సన్నగా, తెల్లగా ఒదిగి ఉండేవి. అవి పడుతున్నంతసేపూ మగవాళ్ళు బయటికెళ్ళి బీడీలు కాల్చుకొచ్చేవారు. మేనత్తకి మొదట్లో అవి నచ్చలేదు. "పటమైనా పెట్టకుండా మొదలెట్టేశారేంటే?" అంది. తర్వాత ఓసారి, తెరంతా నాట్లేస్తున్న ఆడవాళ్ళ పాదాలే కనిపిస్తుంటే, ఒక్కసారిగా నా మోచెయ్యి పట్టుకుంది.

"వీళ్ళూ పాదాల్నించే మొదలెడుతున్నారే!"

గుళ్ళో స్వామిని ముందు పాదాల దగ్గర చూసి, తర్వాతే మొహం దాకా కళ్ళెత్తాలని ఆవిడే నాకు నేర్పింది. ఆ రోజు నుంచి బీదవాళ్ళ సినిమాలో పాదాలు కనిపించగానే చేతులు జోడించేది. పక్కనెవరో నవ్వారు. "ఏం పిన్నిగారూ, ఆ బురద కాళ్ళకి దణ్ణమేంటండి?"

"పొద్దున్న నువ్వు తిన్న అన్నం ఏ కాళ్ళ కింద పండిందనుకున్నావు? నోరు మూసుకుని చూడు."

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నేను కడియం పక్క ఊరికి కోడలిగా వచ్చాను. ఇక్కడ నర్సరీలు తప్ప వేరే లోకం లేదు. మా ఆయనా, మరిదీ మొక్కలకి అంట్లు కడతారు. నా తోటికోడలు బేరాలు చూస్తుంది. నేను రేకులు రాస్తాను. అంటే మొక్కల వరసల ముందు గుచ్చే రేకు బోర్డులు. నల్లరంగు వేసిన రేకు మీద తెల్ల ఎనామిల్‌తో నందివర్ధనం, మందారం, బంగినపల్లి అని కుంచెతో రాయడం. కుంచె కళ్ళకద్దుకుని మొదలుపెడతాను. మా ఊరి గుడిలో స్వామివారి వేళలు తెలిపే బోర్డు కూడా నేనే రాశాను. రాయమని ఎవరూ అడగలేదు, నేనే అడిగి రాశాను.

కిందటేడు ఒక సినిమావాళ్ళు హైదరాబాదు నుంచి వచ్చి మా కాలవ గట్టు మీద దిగారు. గట్టు మీద గుడిసెలేసుకుని బతికేవాళ్ళని లేపేయడం మీద కథట. సినిమా పేరు గుర్రపుడెక్క. కాలవ నిండా ఊదారంగు పూలతో పరుచుకుని, ఎంత పీకినా మళ్ళీ వచ్చేస్తుంది చూడండి, ఆ మొక్క పేరు. పేరు వినగానే నాకు ఆ మనుషుల మీద గౌరవం కలిగింది. దర్శకుడు గుడిసె ముందు పెట్టడానికి మొక్కల కోసం మా నర్సరీకి వచ్చి, రేకుల దగ్గరే నిలబడిపోయారు.

"ఈ అక్షరాలు ఎవరు రాశారండి?"

"మా అక్కేనండి. మీకేం మొక్క కావాలండి?" అంది నా తోటికోడలు.

"మొక్క కాదమ్మా. ఆవిడ చెయ్యి కావాలి."

"చెయ్యి ఇచ్చేస్తే మాకు వంటెవరు చేస్తారండి?"

ఆయన నవ్వి, కూర్చుని, వివరంగా చెప్పారు. మొదట్లో పడే పేర్లన్నీ ఇలాంటి రేకుల మీదే రాయించి, ఇనప ఊచలకి బిగించి, గుర్రపుడెక్క మధ్య నీళ్ళలో గుచ్చుతారట. కెమెరా పడవలో మెల్లగా వాటి పక్కనుంచి వెళ్తుందట. ఒక్కో రేకూ దాటుతుంటే ఒక్కో పేరు. పాట ఉండదు, నీళ్ళ చప్పుడే.

తెర మీద పేర్లు చదువుతూ చదువు నేర్చుకున్నదాన్ని, అవే పేర్లు నన్ను రాయమంటున్నారు. స్వామీ, ఏమిచ్చినా మెల్లగా ఇస్తావు, కానీ ఎంత బాగా ఇస్తావు అనుకున్నాను.

"మీ పేరు కూడా ఒక రేకు మీద రాసుకోండమ్మా. 'అక్షరాలు' అని పెట్టి," అన్నారాయన.

అన్నీ రాశాక, చేతులు కడుక్కుని వచ్చి నా పేరు రాశాను. నందివర్ధనం పేరు ఎన్నిసార్లు రాశానో గానీ, నా పేరు రేకు మీద రాయడం అదే మొదలు. మా ఆయన వచ్చి, కాసేపు నిలబడి, "కుదిరింది" అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

షెడ్డు గోడకి రేకులన్నీ ఆరబెట్టాం. సాయంత్రం సినిమావాళ్ళు చూడటానికొచ్చారు. చివరి రేకు దగ్గర అందరూ ఆగారు. దర్శకుడి పేరున్న రేకు అది. ఒకరు కిసుక్కున నవ్వారు, ఇంకొకరు ఫోను తీసి ఫొటో తీసుకున్నారు. "ఏంటండి?" అంటే, "ఏం లేదమ్మా, చాలా బాగుంది" అన్నారు. వాళ్ళలో సహాయ దర్శకురాలు ఒకావిడ ఉంది, ముప్పై దాటిన మనిషి, తక్కువ మాట్లాడేది. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ నా పక్కకి వచ్చింది.

"అమ్మా, ఏమీ అనుకోకండి. దర్శకత్వంలో ద కి ఒత్తు ఉండదండి. మీకు చెప్పద్దన్నారు సార్. నాకు మనసొప్పలేదు."

నేను 'ధర్శకత్వం' అని రాశాను. పెద్ద మాట కదా. సినిమా మొత్తాన్ని నడిపే మనిషి పని కదా. ఒత్తు పెట్టకపోతే తక్కువ చేసినట్టుంటుందని పెట్టాను.

"మరి దర్శనానికండి?" అన్నాను.

"దానికీ లేదండి."

గుళ్ళో బోర్డు మీద నా చేత్తోనే రాశాను, 'స్వామివారి ధర్శన వేళలు' అని. ఊరంతా ఇన్నాళ్ళూ దాని కింద నిలబడుతున్నారు. ఆ సహాయ దర్శకురాలి చెయ్యి పట్టుకుని, "తల్లీ, నీ మేలు మరచిపోను" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. తప్పు చూపించినవాళ్ళు గురువులు.

నేరుగా దర్శకుడి దగ్గరకి వెళ్ళాను. "అయ్యా, ఆ చివరి రేకులో తప్పు పడిందంటండి. టర్పెంటు ఉంది, ఇప్పుడే తుడిచేస్తాను."

ఆయన రేకుకి అడ్డంగా నిలబడ్డారు. "వద్దమ్మా! ముట్టుకోకండి. ఈ పేర్లన్నిటికీ ప్రాణం అదే."

"తప్పు ప్రాణమేంటండి?"

"అది తప్పు కాదమ్మా, జీవితం. చదువుకోని చేత్తో రాసిన అక్షరం. చూసేవాళ్ళకి గుండె పట్టేస్తుంది. నిజానికి నేనే అడుగుదామనుకుంటున్నాను. మిగతావాటిలో కూడా రెండు మూడు చోట్ల ఇలా... ఓ దీర్ఘం వదిలేయడం, ఓ ఒత్తు మార్చడం. మీకెలా వస్తే అలా."

"నాకెలా వస్తే అలాగే రాశానండి. సరిగ్గా వచ్చేశాయి, ఏం చెయ్యమంటారు?"

నా తోటికోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన మాత్రం నవ్వలేదు. మంచి మనిషే ఆయన. గట్టు మీదివాళ్ళతో కలిసి తిని, వాళ్ళ చాపల మీదే కూర్చునేవారు. ఆ మంచితనంలోనే నన్ను ఎక్కడో ఓ చోట కూర్చోబెట్టేశారు, అక్కణ్ణించి నేను కదలకూడదు.

"మీకు చదువు లేకపోవడం మీ తప్పు కాదమ్మా," అన్నారు మెత్తగా.

"చదువు లేదని ఎవరు చెప్పారండి మీకు? బడి లేదు. చదువుంది." నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలియదు. "తెలియనప్పుడు రాశాను, అది తప్పండి. తెలిశాక కూడా ఉంచితే అది వేషం. నేను వేషం కట్టడానికి రాలేదు, పేర్లు రాయడానికొచ్చాను."

"మీకు అంత నామోషీగా ఉంటే మీ పేరున్న రేకు తీసేస్తానమ్మా. అప్పుడెవరు రాశారో ఎవరికీ తెలియదు. ఆ ఒత్తు మాత్రం ఉంటుంది. రేపు తెల్లారగానే షూటింగు."

"నా పేరు తీసేయండి. ఒత్తూ తీసేయండి."

ఆయన దాన్ని హాస్యం అనుకున్నట్టున్నారు. రేకులన్నీ వ్యాన్‌లోకి ఎక్కించుకుని వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే నా తోటికోడలు మొదలెట్టింది. "ఇన్నాళ్ళూ దేవుడికి ఒత్తు తగిలించి కూర్చోబెట్టావా అక్కా? పాపం, కాళ్ళ కింద గుచ్చుకుంటున్నా పైకి అనలేదు చూడు ఆయన." నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "అయినా ఎందుకంత పట్టుదల? సినిమాలో నీ పేరొస్తుంది. ఆ గీత ఎవడు చూస్తాడు?"

నేను ఆలోచించింది మేనత్త గురించే. ఆ ఒత్తు ఆవిడ నేర్పిందే. ఆవిడ తప్పు నేర్పిందని నలుగురిలో ఒప్పుకోవడమా అని ఒక క్షణం మనసు పీకింది. కానీ తప్పు అక్షరాన్ని వదిలేసి లేవకూడదన్నదీ ఆవిడే. ముందు నేర్పింది అదే. తన ఒత్తు మీద ప్రేమతో నేను పీట మీంచి లేచిపోయి ఉంటే, ఆవిడే వచ్చి నెత్తిన మొట్టేది.

తెల్లారకముందే దీపం పెట్టుకుని, టర్పెంటు సీసా, గుడ్డముక్కా కొంగులో చుట్టుకుని కాలవకి బయల్దేరాను. తోటికోడలు వెనకే వచ్చింది. "నేను ఆపడానికి రాలేదు, చూడ్డానికొస్తున్నా" అంది.

రేకులన్నీ అప్పటికే నీళ్ళలో నిలబడి ఉన్నాయి. గుర్రపుడెక్క పూల మధ్య, మంచులో, నా అక్షరాలు. అంత అందంగా ఉంటాయని నేను అనుకోలేదు. మొదట నా పేరున్న రేకే కనిపించింది. ఇంకా తీసెయ్యలేదు. దాన్ని చూస్తూనే చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి దిగాను. పడవలో గడ పట్టుకున్నాయన కేకేశాడు. "ఆయ్! అటెల్లకండి, బురద లాగేత్తాదండి!"

"లాగితే లాగిందిలెండి."

చివరి రేకు దగ్గరకి చేరేసరికి గట్టు మీంచి దర్శకుడు పరిగెత్తుకొచ్చారు. "అమ్మా! కెమెరా సిద్ధంగా ఉందండి! లైటు పోతుందండి!"

"పోదండి, ఇప్పుడే వస్తోంది," అన్నాను.

గుడ్డ తడిపి ద కింద గీతని రుద్దాను. రాత్రంతా ఆరిన రంగు, ఓ పట్టాన వదల్లేదు. తెల్లగా అలుక్కుపోయింది. ఇంకా రుద్దాను. గీత పోయింది, కింద మబ్బులాంటి మరక మిగిలింది. గుడ్డ పట్టుకున్న వేలు కళ్ళకద్దుకున్నాను. టర్పెంటు కళ్ళలోకి పోయి భగ్గుమంది. నీళ్ళు కారుతుంటే ఆయన చూసి నేను ఏడుస్తున్నాననుకున్నారేమో, గొంతు తగ్గించారు.

"ఎందుకమ్మా ఇలా చేశారు? నేను మిమ్మల్ని గౌరవించే అడిగాను కదా."

"మీరు గౌరవించారండి. కాదనను. కానీ మీ సినిమాలో ఈ గట్టు మీదివాళ్ళు ఎంత లేపేసినా మళ్ళీ వస్తారు కదండి. నేను మాత్రం తప్పు రాసి ఊరుకుంటానా?"

ఆయన తన వెంట వచ్చిన రంగులవాళ్ళ వైపు తిరిగి, "ఆ గీత మళ్ళీ పెట్టండి" అన్నారు. ఒకతను కుంచె తీశాడు. అప్పుడు ఆ సహాయ దర్శకురాలు, ఎవరివైపూ చూడకుండా, "సార్, ఎండ వచ్చేస్తోంది. మంచు పోతే ఇవాళ ఇక లేదు" అంది. ఆయన ఆకాశం చూశారు, రేకు చూశారు. పడవెక్కారు.

పడవ కదిలే ముందు, నా పేరున్న రేకు దగ్గర వంగి, ఊచతో సహా పైకి లాగి గట్టు మీద పెట్టారు. "మీరన్నట్టే," అన్నారు.

దణ్ణం పెట్టాను. ఆ రేకు ఇప్పుడు మా పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో గుచ్చి ఉంది. మొక్కలు కొనడానికి వచ్చినవాళ్ళు కరివేపాకులో ఇదేదో కొత్త రకమా అని అడుగుతారు.

ఆ పొద్దున్నే తడి చీరతోనే గుడికి వెళ్ళాను. బోర్డు రంగు ఏళ్ళ తరబడి ఎండి ఉంది, టర్పెంటుకి లొంగే రకం కాదు. బ్లేడుతో గీకడం మొదలుపెట్టాను. పూజారిగారు బయటికొచ్చారు.

"ఎందుకమ్మా శ్రమ? అందరికీ అలవాటైపోయింది. స్వామివారు కూడా ఇన్నాళ్ళూ ఏమీ అనలేదు కదా."

"ఆయన అనరండి. అందుకే నేనే చూసుకోవాలి."

ఆయన లోపలికెళ్ళి ఓ స్టూలు తెచ్చి వేశారు. దానికీ కృతజ్ఞతలు.

తర్వాత చాలా నెలలకి సినిమా రాజమండ్రిలో ఒక హాల్లో ఉదయం ఆట ఆడుతోందని తెలిసింది. మా ఆయన లోడు పంపే పనిలో ఉంటే, నేనూ తోటికోడలూ బస్సెక్కాం. పేర్లు పడకముందే కూర్చున్నాం. హాలు సగం కూడా నిండలేదు. లైట్లు ఆరాయి. పటం లేదు, పాట లేదు. నీళ్ళ చప్పుడు. మంచులోంచి మొదటి రేకు వచ్చింది, దాని మీద గుర్రపుడెక్క అని నా చెయ్యి. నేను పైకి చదివేశాను. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశారు.

"చదువుకుంటోందండి," అంది నా తోటికోడలు.

ఒక్కొక్క రేకూ దాటుతోంది. ఒక్కొక్కటీ చదివాను. నా గుండె మాత్రం చివరిదాని దగ్గరే ఉంది. ఈ రోజుల్లో ఒక గీత తెచ్చి అతికించడం ఎంత పనని నాకు ఎవరో చెప్పారు. ఆయన తలుచుకుంటే ఆ ఒత్తు మళ్ళీ మొలుస్తుంది. అలా మొలిస్తే ఏం చేస్తానో కూడా అనుకునే వచ్చాను. లేచి నిలబడి, ఈ తప్పు నాది కాదని హాలంతటికీ వినపడేలా చెప్తాను. తోటికోడలికి ముందే చెప్పాను కూడా. "నువ్వు నిలబడితే నేను ఈల వేస్తా" అంది.

చివరి రేకు వచ్చింది. దర్శకత్వం. ద కింద గీత లేదు. ఆ తుడిచిన చోట తెల్లటి మరక, మంచు ముక్క అంటుకున్నట్టు, అలాగే ఉంది. పడవ దాన్ని దాటుతూ మిగతావాటి కంటే కాస్త నెమ్మదించినట్టు నాకనిపించింది. నిజమో, నా కళ్ళో చెప్పలేను.

"నీ పేరేదక్కా? వెయ్యలేదు," అంది తోటికోడలు.

"వేశారు. ద కింద చూడు."

"అది మరకే."

"నాదే."

అది తెరని దాటిపోయింది. తర్వాత గట్టు దిగుతున్న ఎవరివో పాదాలు వచ్చాయి, బురదలోకి. నేను చేతులు జోడించాను. పక్కనుంచి నా తోటికోడలు, "ఆ బురద కాళ్ళకి దణ్ణమేంటి అక్కా?" అని, నా జవాబు కోసం ఆగకుండా తనూ జోడించింది.